నాలుగు గుమస్తాలు

"మీ పిల్లి గురించి మాట్లాడాలండీ," అంది ఫోన్లో అమ్మాయి.

"నాకు పిల్లి లేదు," అని పెట్టేశాడు తాళంకప్ప.

ఇది మూడోసారి. మొదటి ఫోన్ సెల్‌కి వచ్చింది. రెండోది ఇంటి ఫోన్‌కి వచ్చింది. ఇప్పుడు ఏకంగా ఆఫీసుకే. అదే పెంపుడు జంతువుల హాస్టల్, అదే అమ్మాయి, అదే మర్యాద. ఆయన జవాబు కూడా అదే. అందులో అబద్ధం లేదు. పిల్లి ఒకప్పుడు ఆ ఇంట్లో ఉండేది, ఇప్పుడు లేదు. ఉన్నమాట చెప్పడానికి ఒక్క వాక్యం చాలు.

తాళంకప్ప అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. మొదట్లో చాటుగా అనుకునేవాళ్ళు. ఒకరోజు ఆయన చెవిన పడింది. అందరూ బిక్కచచ్చిపోయారు. ఆయన మాత్రం అది పొగడ్త అనుకొని కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు. అప్పటినుంచి ఎదురుగానే అంటున్నారు.

ఆయన పని వెబ్‌సైట్లకు ప్రోగ్రాం రాయడం. అందులోనూ కంట్రోలర్లు రాయడం. జనం తెరమీద నింపి పంపిందంతా ముందుగా వచ్చి నిలబడేది కంట్రోలర్ దగ్గరే. అక్కడొక అనుమతి జాబితా ఉంటుంది. జాబితాలో ఉన్న వివరం లోపలికి పోతుంది. లేనిది పోదు. దాన్ని తిట్టరు, వెనక్కి పంపరు, ఎందుకొచ్చావని అడగరు. అసలు రానట్టే చూస్తారు. ఈ చివరి సంగతి తాళంకప్పకు మహా ఇష్టం. భార్య పోయాక మనుషులతో ఆయన పద్ధతి కూడా ఇంచుమించు ఇదే అయింది.

ఫోన్ చేసిన హాస్టల్‌కి వెబ్‌సైట్ చేసిచ్చింది కూడా ఈ ఆఫీసే. ఊరెళ్ళేవాళ్ళు కుక్కనో పిల్లినో అక్కడ దిగబెట్టి పోతారు. పోయేముందు వెబ్‌సైట్లో వివరాలు నింపాలి. యజమాని పేరు. యజమాని కింద జంతువులు. జంతువు కింద, అవసరమైతే ఫోన్ చేయడానికి ఇంకొక మనిషి. ఒకదాని కడుపులో ఒకటి, గిన్నెల సెట్టులాగ. ఆ మూడు గిన్నెలకూ మూత పెట్టింది తాళంకప్పే.

దానిమీద నెల కిందట చిన్న గొడవ జరిగింది. పక్క కుర్చీలో చిట్టి ఉంటుంది. చిట్టి అంటే చిన్నపిల్లేం కాదు, ఇద్దరు బిడ్డల తల్లి. మనిషి పొట్టి, అంతే. ఆమె అనుమతి జాబితాలో జంతువుకు సిస్టమ్ ఇచ్చే నంబరునూ, ఒకవేళ తీసేయాలంటే పెట్టే గుర్తునూ చేర్చింది. తాళంకప్ప రెండింటినీ కొట్టేశాడు. నంబరు బయటివాడి చేతికిస్తే వాడు పక్కింటివాడి కుక్క నంబరు రాసి పంపుతాడు, మన సిస్టమ్ ఆ కుక్కను తెచ్చి వీడి ఒళ్ళో పెడుతుంది అన్నాడు. అలా పెట్టదని, ఆ యజమాని కింద ఉన్నవాటిలోనే వెతుకుతుందని చిట్టి చెప్పబోయింది. ఆయన చెవిన పెట్టలేదు. పరీక్షలు కూడా ఆయనే రాశాడు. కొత్తగా నింపితే ఏమవుతుందో చూశాడు గానీ, నింపిందాన్ని మారిస్తే ఏమవుతుందో చూడలేదు. ఒక్కసారి సరిగ్గా నింపడం చేతకానివాళ్ళకు రెండోసారి మర్యాదలు దేనికని ఆయన ఉద్దేశం.

ఫోన్ పెట్టేసిన గంటకల్లా తలుపు తోసుకుని వదినగారు వచ్చింది. భార్యకు తోడబుట్టిన అక్క. నర్సుగా చేసి రిటైరైన మనిషి. వార్డు వదిలినా వార్డంత గొంతును మాత్రం వదల్లేదు. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో మూత ఉన్న బుట్ట. బుట్టను తెచ్చి సరాసరి తాళంకప్ప బల్లమీద పెట్టింది.

"మరిదిగారూ, నాకు నాలుగు పిల్లులున్నాయంటోంది మీ వెబ్‌సైట్. నా దగ్గరున్నది ఇదొక్కటే. మిగతా మూడూ ఎక్కడ పెట్టారో చెప్తే పట్టుకుపోతాను."

ఆఫీసులో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

బుట్ట మూత లేచింది. ముందు ఒక చెవి బయటికొచ్చింది, అంచు కాస్త తెగిన చెవి. తర్వాత బూడిదరంగు తల. పిల్లి నాలుగు దిక్కులూ చూసి, తాళంకప్పను చూసి, కిందికి దిగి ఆయన చదువుతున్న కాగితం మీద కూర్చుంది. వాడి పేరు గుమస్తా. ఏ కాగితం ముందు పెట్టుకుంటే ఆ కాగితం మీద కూర్చుంటాడని ఆయన భార్య పెట్టిన పేరు. ఆమె కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. సాయంత్రం ఆమె వచ్చే వేళకు గుమస్తా కిటికీలో కూర్చునేవాడు. ఆమె పోయాక కూడా అదే వేళకు అదే కిటికీలో కూర్చున్నాడు. చీకటి పడ్డాక వెనక్కి తిరిగి, ఇంట్లో మిగిలింది నువ్వా అన్నట్టు ఆయనవైపు చూసేవాడు. కొన్ని నెలలు ఆ చూపు భరించి, పిల్లిని తీసుకెళ్ళి వదినగారికి ఇచ్చేశాడు. అన్నంలో వెంట్రుకలు వస్తున్నాయని చెప్పాడు. ఆవిడ నమ్మినట్టే తల ఊపింది.

వదినగారు చెప్పుకొచ్చింది ఇది. కూతురికి నెలలు నిండాయి. ఇవాళ సాయంత్రం బండికి వెళ్ళాలి. పిల్లిని ఐదు లోపల హాస్టల్లో అప్పగించాలి. ఐదు దాటితే వాళ్ళు గేటు వేసేస్తారు. ఇంటికి రెండు జంతువుల కంటే ఎక్కువ తీసుకోరు, ఈమె పేరుమీద నాలుగు కనిపిస్తున్నాయి. పైగా అవసరానికి ఫోన్ చేయాల్సిన మనిషి ఔనని ఒప్పుకుంటే గానీ ఒక్కదాన్ని కూడా లోపలికి రానివ్వరు.

"మీరు బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కి ఉంటారు," అన్నాడు తాళంకప్ప.

"నొక్కాను. ఫోన్ నంబరు మార్చడానికి నొక్కాను. ఎందుకు మార్చాల్సి వచ్చిందో నేను చెప్పనా, మీరు చెప్తారా?"

తాళంకప్ప పిల్లి కింది కాగితాన్ని లాగబోయాడు. పిల్లి కదల్లేదు. చిట్టి తన తెరలోకి తల దూర్చేసింది, అక్కడేదో కొంప మునుగుతున్నట్టు.

వదినగారే చెప్పింది. గొంతు తగ్గించకుండా చెప్పింది. మొదట మరిది సెల్ నంబరు ఇచ్చింది. పిల్లి లేదన్నాడట. నంబరు తప్పేమోనని ఇంటి నంబరు పెట్టింది. అక్కడా లేదట. ఆఫీసు నంబరు పెట్టింది. ఇందాక అక్కడ కూడా లేదన్నాడట. పోనీ తనే అడుగుదామంటే ఈమె ఫోన్ చేస్తే ఎత్తడాయె.

"ఐదు లోపల ఇది తేలితే సరేసరి," అంది. "తేలకపోతే బుట్ట మీ ఇంట్లో పెట్టి బండెక్కుతాను. ఎన్ని నెలలుంటానో నాకే తెలీదు."

 తాళంకప్పకు కిటికీ కళ్ళముందు కనిపించింది. గోడ గడియారం వంక చూశాడు. భోజనాల వేళ దాటింది.

చిట్టి వదినగారి వివరాలు తెరిచి తెరను ఆయనవైపు తిప్పింది. నాలుగు గుమస్తాలు. నాలుగింటికీ అదే రంగు, అదే తెగిన చెవి, అదే టీకా. మొదటివాడి కింద సెల్ నంబరు. రెండోవాడి కింద ఇంటి నంబరు. మూడోవాడికీ నాలుగోవాడికీ ఆఫీసు నంబరు. ఎవరి కింద చూసినా మనిషి ఒక్కడే, నాకు పిల్లి లేదన్న మనిషి.

"రెండుసార్లే కదా మార్చాను, నాలుగెలా అయ్యాయి?" అంది వదినగారు.

చిట్టి ఆవిడకు కుర్చీ వేసి విడమర్చి చెప్పింది. మొదటిసారి మార్చి పంపినప్పుడు, ఇది పాత గుమస్తానే అని చెప్పే నంబరు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నంబరు లేకుండా లోపలికొచ్చిన పిల్లిని సిస్టమ్ కొత్త పిల్లి అనుకుంది. అలా ఇద్దరయ్యారు. రెండోసారి తెరిస్తే తెరమీద ఇద్దరూ కనిపించి ఉంటారు.

"కనిపించారు. పాతది కూడా కింద దాచి ఉంచుతారేమో, పద్ధతైనవాళ్ళు అనుకున్నా. ఇద్దరికీ ఆఫీసు నంబరు వేశా."

ఆ ఇద్దరూ నంబర్లు లేకుండానే లోపలికొచ్చారు, ఇంకో ఇద్దరు కొత్తవాళ్ళు పుట్టారు. ఇంకోసారి మార్చి ఉంటే ఎనిమిదయ్యేవని చిట్టి అంది.

"ఇంకా నయం. మా మరిది ఇంకో ఫోన్ కొనుక్కోలేదు."

అదనపు పిల్లుల్ని హాస్టల్‌వాళ్ళే తీసేయొచ్చు కదా అని ఆవిడ అడిగింది. చిట్టి తాళంకప్పవైపు చూసింది. తీసేసే గుర్తు కూడా జాబితాలో లేదు. ఎవరూ ఏదీ తీసేయలేకుండా తాళం వేసింది ఆయనే. రావడానికి ఎన్నైనా రావచ్చు, పోవడానికి దారి లేదు.

నేను ముందే చెప్పాను అని చిట్టి అనలేదు. ఆ అనకపోవడమే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

అయినా తాళంకప్ప అంత తేలిగ్గా తాళం తీసే మనిషి కాదు. ముందు నమూనా సిస్టమ్‌లో చూడాలన్నాడు. అందరి పేర్లూ పెట్టుకుని ఆడుకోవడానికి ఆఫీసులో ఒక నకలు వెబ్‌సైట్ ఉంది, అక్కడ ఏం చేసినా బయటివాళ్ళకు నష్టం లేదు. అందులో చిట్టికి ఒక కుక్క ఉంది. పేరు సైరన్. నిజంగా కూడా ఉంది, ఆ పేరు ఊరికే రాలేదు. తాళంకప్ప అనుమతి జాబితాలో జంతువు నంబరు చేర్చాడు. తర్వాత తన పేరుతో లోపలికెళ్ళి, తన జంతువుల కింద సైరన్ నంబరు రాసి పంపాడు. ఇంతకాలం తను భయపడిన దొంగ ఎలా చేస్తాడో అచ్చం అలాగే చేశాడు.

ఈ యజమాని కింద ఆ నంబరు జంతువు లేదు అని చెప్పి సిస్టమ్ ఆగిపోయింది.

ఆయన నమ్మలేదు. ఇంకో దారిన ప్రయత్నించాడు. మళ్ళీ ఆగిపోయింది. సైరన్ పేరు మార్చి, తన పేరుమీదున్న ఉత్తుత్తి జంతువుల మధ్య ఇరికించి పంపాడు. ససేమిరా అంది. తాళంకప్ప ముక్కుమీద చెమట పట్టింది. వెనక జనం పోగయ్యారు. పొద్దున్నుంచీ ఖాళీగా ఉన్నవాళ్ళకూ, పనున్నవాళ్ళకూ ఇప్పుడు ఇదే పని.

"నా కుక్క మీకు రాదు బాబాయ్," అంది చిట్టి. "దాని కాపలా మీకంటే గట్టిది."

తాళంకప్ప చేతులు కీబోర్డు మీదనుంచి తీసేశాడు. నంబరు చేతికిచ్చినా అది ఆ యజమాని ఇంటి తలుపే తెరుస్తుంది, పక్కింటిది తెరవదు. నెల కిందట ఈ మాటే చిట్టి చెప్పింది. అప్పుడు ఆయన ఆమెను జాబితాలో లేని వివరంలాగ చూశాడు, రానట్టు.

"రాయమ్మాయ్," అన్నాడు.

చిట్టి వేళ్ళు పరిగెత్తాయి. నంబరు చేర్చింది. తీసేసే గుర్తు చేర్చింది. నమూనాలో ఒక గుమస్తాను పెట్టి, ఫోన్ నంబరు మార్చి పంపింది. తెర మళ్ళీ వచ్చింది. గుమస్తా ఒక్కడే. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. వదినగారు అప్పుడే సూట్‌కేసు చేతిలోకి తీసుకుంది.

"ఆగండి," అన్నాడు తాళంకప్ప. కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. భార్య ఏరి తెచ్చిన అద్దాలవి. "పిల్లి ఒకటే. పిల్లి కింద చూడండి."

చూశారు. ఫోన్ చేయాల్సిన మనిషి ఇద్దరున్నాడు. పాత నంబరుతో ఒక తాళంకప్ప, కొత్త నంబరుతో ఇంకో తాళంకప్ప. చిట్టి నాలిక కరుచుకుంది. నడిమి గిన్నెకు నంబరు చేర్చింది, లోపలి గిన్నెకు మర్చిపోయింది.

"నేను ఇద్దరినయ్యాను," అన్నాడు ఆయన.

"వద్దు బాబూ," అంది వదినగారు. "ఒక్కడితో వేగడానికే మా చెల్లికి జన్మంతా సరిపోయింది."

ఆఫీసంతా ఘొల్లున నవ్వింది. ఆమె మాటను ఈ గదిలో ఎవరూ ఇంతవరకూ ఎత్తలేదు. ఆయన ముందు భార్య పేరెత్తితే ఏమవుతుందోనని కాఫీ మిషన్ దగ్గర కూడా జాగ్రత్తపడేవాళ్ళు. ఇప్పుడేమీ కాలేదు. తాళంకప్పకు నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చబోయాడు గానీ సగమే మారింది.

చిట్టి లోపలి జాబితాలో కూడా నంబరు చేర్చింది. ఈసారి ఆయనే కూర్చుని మార్చాడు, తీసేశాడు, చేర్చాడు, మళ్ళీ మార్చాడు. మార్చి పంపితే ఏమవుతుందో చూసే పరీక్ష కూడా ఒకటి తన చేత్తో రాశాడు. పిల్లి ఒకటే, మనిషి ఒకడే.

ఆ ఆఫీసులో ఒకరు రాసిన మార్పును ఇంకొకరు ఒప్పుకుంటే గానీ అసలు వెబ్‌సైట్‌కి పోదు. ఒప్పుకునేటప్పుడు ఒక మాట రాయాలి. తాళంకప్ప రాసేవన్నీ ఎందుకు ఒప్పుకోనో చెప్పే మాటలు, పొడుగ్గా ఉంటాయి. ఇవాళ, "సరిగ్గా ఉంది. చిట్టి నెల కిందటే సరిగ్గా రాసింది. కొట్టేసింది నేను," అని రాశాడు. రాసింది అందరికీ కనిపిస్తుందని ఆయనకు తెలుసు. బటన్ నొక్కాడు. చిట్టి చదివి, తన డబ్బాలోంచి ఒక బిస్కెట్ తీసి ఆయన బల్ల అంచున పెట్టింది. అది గుమస్తా తిన్నాడు.

వదినగారు కుర్చీ తెరముందుకు జరుపుకుంది. ఇప్పుడు ఒక్కో గుమస్తా పక్కన తొలగించు అనే గడి ఉంది. నాలుగోవాడిని తీసేసింది. మూడోవాడి దగ్గర ఆవిడ వేలు ఆగింది. కాగితం మీద కళ్ళు మూసుకుని పడుకున్న అసలువాడి వంక ఒకసారి చూసింది.

"వీడికేం కాదుగా?"

ఏమీ కాదని చిట్టి మాటిచ్చింది. నలభై ఏళ్ళు సూదులు గుచ్చిన చెయ్యి, పిల్లి పేరు పక్కన టిక్కు పెట్టడానికి వెనకాడింది. ముగ్గురినీ తీసేసింది. మిగిలింది మొదటివాడు.

"వీడి కింద మీ సెల్ నంబరుంది," అంది ఆవిడ, తెర వంకే చూస్తూ. "ఉంచనా? ఇంకెవరిదైనా వేయనా? పక్కింటావిడను అడిగితే కాదనదు."

ఇది తాళంకప్ప ఎదురుచూసిన దారి. పక్కింటావిడ నంబరు వేస్తే అయిపోతుంది. పిల్లి హాస్టల్‌కి పోతుంది, ఫోన్లు ఆవిడకు పోతాయి, తను తన ఇంటికి పోతాడు. నోరు తెరిచాడు. గుమస్తా ఒక కన్ను తెరిచి ఆయనవైపు చూశాడు. అదే చూపు. పగటి వెలుతురులో, ఇంతమంది మధ్య, అది మరీ అంత అన్యాయంగా ఏమీ లేదు.

"ఉంచండి," అన్నాడు.

వదినగారు పంపించు నొక్కింది. ఇంటికి రెండు అన్న అడ్డం తొలగిపోయి, గది అడిగే బటన్ వెలిగింది. అదీ నొక్కింది. ఇక హాస్టల్ నుంచి ఫోన్ రావాలి. గడియారం నాలుగు దాటింది. తాళంకప్ప సెల్ తీసి బల్లమీద పెట్టాడు. అందరూ దానివంకే చూస్తున్నారు, పొయ్యిమీద పాలలాగ. పనిచేసుకోండి అన్నాడు. ఒక్కరూ కదల్లేదు.

ఫోన్ మోగింది.

లేదంటే పిల్లి ఇంటికొస్తుంది. ఉందంటే హాస్టల్‌కి పోతుంది గానీ, తనదవుతుంది. ఏ జవాబు చెప్పినా పిల్లి తప్పేలా లేదని ఆయనకు అర్థమైంది. ఎత్తాడు.

"నమస్తే అండీ. నేను హాస్టల్ నుంచి." అమ్మాయి గొంతులో జంకుంది. మూడుసార్లు మొహాన ఫోన్ పెట్టించుకున్న గొంతు. "మీకు... పిల్లి ఉందాండీ?"

"ఉంది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఎన్నండీ?"

"ఒక్కటే. ఇందాకటివరకు నాలుగుండేవి, అది మా తప్పు. ఇప్పుడొక్కటే."

"పిల్లి మీదాండీ, పెద్దావిడదా?"

"మా ఆవిడది."

"అయితే ఆవిడను ఒకసారి లైన్లోకి పిలుస్తారా?"

వదినగారు తల దించుకుంది. చిట్టి అనవసరంగా పెన్ను మూత పెట్టి తీసింది. తాళంకప్ప గుమస్తా తెగిన చెవిని బొటనవేలితో ఒకసారి నిమిరాడు.

"ఆవిడ లేదమ్మా. ఇక నేనే. ఏదైనా అయితే నాకే చేయండి."

"అలాగేనండీ. ఏ వేళప్పుడు చేయొచ్చు?"

"ఎప్పుడైనా."

ఎత్తుతారా అని ఆ అమ్మాయి అడగలేదు గానీ, అడగాలనుకున్నట్టు ఆయనకు వినిపించింది. ఎత్తుతానన్నాడు.

వదినగారు గుమస్తాను బుట్టలోకి దించింది. వాడు పోతూ పోతూ ఆయన కాగితాన్ని గోళ్ళకు తగిలించుకుని సగం చించుకుపోయాడు. ఆవిడ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, కాన్పు కాగానే ఫోన్ చేస్తాను, అదైనా ఎత్తండి అంది. ఎత్తకపోతే హాస్టల్ పిల్లచేత చేయిస్తానంది.

తాళంకప్ప ఇంకా సెల్ చెవికి ఆనించుకునే ఉన్నాడు. అవతల అమ్మాయి వివరాలు రాసుకుంటోంది. గొంతు సవరించుకుని అడిగాడు.

"ఆదివారాలు వచ్చి చూడొచ్చా?"

"రావచ్చండీ. కానీ ఎవరు పడితే వాళ్ళని లోపలికి రానివ్వం. జాబితాలో పేరున్నవాళ్ళనే. మీ పేరుందిలెండి."

"మంచి పద్ధతి," అన్నాడు తాళంకప్ప.